సముద్రం ఎక్కలేని మెట్లు

మెట్టలో తాటాకులగూడెం అనే ఊళ్ళో గవర్రాజు గారి కుటుంబం ఉండేది. ఆ ఇంట్లో నలుగురు. నలుగురూ తెలివైనవాళ్ళే. ఆ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు లెండి, పొద్దున్నే కాఫీ తాగుతూ వాళ్ళలో వాళ్ళే అనుకునేది. "దేవుడు కొందరికి భూములిచ్చాడు, కొందరికి గేదెలిచ్చాడు. మనకి తెలివిచ్చాడు" అని గవర్రాజు గారు అంటే, కొడుకు సూర్రావు "కాస్త ఎక్కువే ఇచ్చాడు నాన్నా" అనేవాడు. కోడలు వరహాలు తల ఊపేది. గవర్రాజు గారి భార్య మంగతాయారమ్మ మాత్రం "మెల్లిగా అనండి, దిష్టి తగులుతుంది" అని గుప్పెడు ఉప్పు తీసి ముగ్గురి చుట్టూ తిప్పేది. ఆ ఉప్పు పారేస్తే వృథా అని మళ్ళీ పప్పులోనే వేసేది.

వాళ్ళ తెలివి ఎలాంటిదో ఒక్కటి చెబుతాను. నిరుడు వానల్లో ఇంటి పైకప్పు కారింది. పెంకులు నేసే మేస్త్రి "ఇప్పుడు కుదరదు బాబూ, ఎండ కాసినప్పుడు చెప్పండి" అన్నాడు. మర్నాడు ఎండ కాసింది. అంతే, సూర్రావు పరుగున వెళ్ళి "మేస్త్రీగారూ, ఎండ కాసిందండి" అని చెప్పి వెనక్కొచ్చేశాడు. చెప్పమన్నది అదే కదా! కప్పు ఇప్పటికీ కారుతూనే ఉంది. ఎండ కాసినప్పుడల్లా సూర్రావు వెళ్ళి చెప్పొస్తూనే ఉన్నాడు.

అలాంటి ఇంట్లో మంగతాయారమ్మకి కాళ్ళు పట్టు తప్పాయి. నిలబడదామంటే మోకాళ్ళు మాట వినవు. పాదాలకి వేడీ చల్లనా తెలుస్తాయి గానీ అడుగు మాత్రం పడదు. పట్నం నుంచి చక్రాల కుర్చీ తెచ్చారు. కుర్చీ మంచిదే, ఇంటికే మూడు మెట్లు, ఆపైన జానెడు ఎత్తు గడప. బయటికి రావాలంటే తండ్రీ కొడుకులు చెరోవైపు పట్టుకుని ఎత్తాలి. ఎత్తిన ప్రతిసారీ "అమ్మా, బరువెక్కావే" అని సూర్రావు అంటాడు. ఆ మాట పడలేక ఆవిడ బయటికి రావడమే మానేసింది.

ఒకరోజు పక్కింటావిడ సముద్రం చూసొచ్చి, కెరటం వచ్చి పాదాల కింద ఇసుక లాగేస్తుంటే ఎలా చక్కిలిగిలి పెట్టిందో చెప్పింది. మంగతాయారమ్మ ఆ రోజంతా అన్నం ముట్టలేదు. నడిచిన రోజుల్లో గేదెలు, పొగాకు తోట, వంటిల్లు, ఇంతే. సముద్రం మాటే తట్టలేదు. ఇప్పుడు తట్టింది, కాళ్ళు లేవు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఏమే మంగా, ఎందుకేడుస్తున్నావు?" అన్నారు గవర్రాజు గారు.

"ఒక్కసారి సముద్రంలో పాదాలు పెట్టాలనుందండి."

"ఓస్, అంతేనా! ఇంత తెలివి ఇంట్లో పెట్టుకుని ఏడవడమేంటి?" అన్నారాయన. అంతే, ఆ క్షణం నుంచి సముద్రం ఒడ్డున చక్రాల కుర్చీకి పనికొచ్చే అద్దె ఇంటి కోసం వెతుకులాట మొదలైంది. సూర్రావు సెల్‌ఫోన్లో నంబర్లు తీయడం, గవర్రాజు గారు మాట్లాడడం.

మొదటి ఇంటాయన ఉత్సాహంగా చెప్పాడు. "కుర్చీకి ఏ ఇబ్బందీ లేదండి. మా ఇంటి నుంచి సముద్రానికి రెండడుగులే!"

గవర్రాజు గారికి కోపం వచ్చింది. "ఏమయ్యా, మా ఆవిడ ఒక్కడుగు వెయ్యలేదని మొత్తుకుంటుంటే రెండడుగులు వెయ్యమంటావా?" అని ఫోను పెట్టేశారు.

రెండో ఇంటాయన "మా దగ్గర లిఫ్టు ఉందండి, మూడో అంతస్తుకి నిమిషంలో వెళ్ళిపోవచ్చు" అన్నాడు. "మేం వెళ్ళాల్సింది సముద్రానికి, మూడో అంతస్తుకి కాదు" అని అదీ వదిలేశారు.

మూడో ఆయన పాపం పద్ధతైన మనిషి. "మీ కుర్చీ వెడల్పెంతో కొలిచి చెప్పండి, మా తలుపుల్లో పడుతుందో లేదో చూస్తాను" అన్నాడు. సూర్రావు కుర్చీకి అటో చెయ్యి ఇటో చెయ్యి ఆనించి, ఆ ఎడం చెదరకుండా అలాగే చేతులు చాపుకుని ఫోను దగ్గరికొచ్చాడు.

"ఇంతండి" అన్నాడు.

"ఎంత?"

"ఇదిగోనండి, ఇంత. కనబడట్లేదా? ఫోను కాస్త దగ్గరగా పెట్టుకోండి."

ఆయన ఫోను పెట్టేశాడు. సూర్రావు మాత్రం కొలత పోతుందని చేతులు దించలేదు. మధ్యాహ్నం వరహాలే అన్నం ముద్దలు నోట్లో పెట్టింది. తలుపులు దాటాలంటే పక్కకి తిరిగి దాటాడు. మంగతాయారమ్మ కొడుకు వంక చూసి మురిసిపోయింది. తల్లి కోసం ఇంత కష్టపడే కొడుకు ఎంతమందికి ఉంటాడు!

చివరికి ఎస్తేరు టీచరు దొరికింది. పదవీ విరమణ చేసి సముద్రం ఒడ్డున పల్లెపాలెంలో ఉంటోంది. ఆవిడ తండ్రి చక్రాల కుర్చీలోనే బతికాడట. ఆయన కోసం కట్టించిన ఇంటిని ఇప్పుడు అలాంటి అవసరం ఉన్నవాళ్ళకి అద్దెకిస్తోంది.

"మెట్లు లేవండి, వాలు దారి కట్టించాను. గడపలు లేవు. తలుపులన్నీ వెడల్పు. బాత్రూంలో పట్టుకోడానికి కడ్డీలున్నాయి. గుమ్మంలో కూర్చుంటే చాలు, సముద్రమే మీ దగ్గరికొస్తుంది. మీ ఇల్లే అనుకుని ఉండండి" అంది టీచరు.

"సముద్రమే వస్తుందాండి?"

"ఆహా, గుమ్మంలోకే!"

గవర్రాజు గారి కళ్ళు చెమర్చాయి. "మంగా, నువ్వు వెళ్ళక్కర్లేదే. అదే వస్తుందట" అన్నారు. ఇంకేముంది, ఇల్లంతా హడావుడి. వచ్చేవాళ్ళకి ఏదో ఒకటి పెట్టాలి కదా అని మంగతాయారమ్మ కుర్చీలో కూర్చునే దగ్గరుండి సున్నుండలు చుట్టించింది. సముద్రం ఎప్పుడూ తడిగానే ఉంటుందని వరహాలు ఒక కొత్త తువ్వాలు కూడా సర్దింది.

వ్యానులో పల్లెపాలెం చేరేసరికి సాయంత్రమైంది. టీచరు ఎదురొచ్చి ఇల్లంతా చూపించింది. కుర్చీ వాలు దారి మీద సాఫీగా ఎక్కింది, గుమ్మం దాటింది, గదులన్నీ తిరిగింది. ఎవరూ ఎత్తలేదు, ఎవరూ బరువెక్కావని అనలేదు. మంగతాయారమ్మకి చాన్నాళ్ళ తర్వాత ఇంట్లో తిరుగుతున్నట్టనిపించింది. బాత్రూంలో టీచరు గోడకున్న కడ్డీ చూపించి, "దీన్ని గట్టిగా పట్టుకోవాలమ్మా. ఏమైనా సరే వదలకూడదు" అని చెప్పి వెళ్ళింది.

పొద్దున్నే మంగతాయారమ్మ స్నానానికెళ్ళి కడ్డీ పట్టుకుంది. స్నానం అయింది, చీర మార్చింది వరహాలు. మంగతాయారమ్మ చెయ్యి మాత్రం వదల్లేదు.

"అత్తయ్యగారూ, ఇక రండి" అంది వరహాలు.

"ఎలా వస్తానే? ఏమైనా సరే వదలొద్దని టీచరమ్మగారు చెప్పలేదూ?"

వరహాలుకి అదీ నిజమే అనిపించింది. ఇడ్లీలు బాత్రూంలోకే తెచ్చి తినిపించింది. గవర్రాజు గారు కుర్చీ పక్కన పీట వేసుకుని, భార్యకి ఊసుపోవాలని పేపరు చదివి వినిపించారు. ఆవిడ చెయ్యి తిమ్మిరెక్కింది. అయినా పెద్దావిడ చెప్పిన మాట కాదనడమెలా అని పళ్ళ బిగువున పట్టుకుంది. కాసేపటికి టీచరు పాలు పట్టుకుని వచ్చి ఈ వైభవం చూసింది.

"అయ్యో, వదిలెయ్యండమ్మా!" అంది కంగారుగా.

మంగతాయారమ్మ వదిలేసింది. మాట మార్చే మనిషిలా ఉందే ఈవిడ అనుకుంది, పైకి మాత్రం అనలేదు.

"మీరు మొహమాటపడుతున్నట్టున్నారు. నేను చర్చి పని మీద వెళ్తున్నాను, సాయంత్రం వస్తాను. మీ ఇల్లే అనుకోమన్నానుగా, అచ్చం మీ ఇంట్లో ఉన్నట్టే ఉండండి" అని చెప్పి టీచరు వెళ్ళిపోయింది. పాపం, ఆ మాట అనకుండా వెళ్ళుంటే బాగుండేది.

ఆ రోజు శుక్రవారం. వరహాలు పసుపు గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళి, అక్కడే నిలబడిపోయింది. "అత్తయ్యగారూ, గడప లేదండి. పసుపు ఎక్కడ రాయను? బొట్లు ఎక్కడ పెట్టను?"

మంగతాయారమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. గడపకి పసుపు రాయని శుక్రవారం ఆవిడ కాపురంలో లేదు. "గడప లేకపోతే లక్ష్మీదేవి ఇల్లెక్కడ మొదలైందో తెలియక గోడలకి కొట్టుకోదూ? ఏవండోయ్, మనింట్లో గడప ఉందా లేదా?"

"ఉంది."

"మరి టీచరమ్మగారు ఎలా ఉండమన్నారు?"

"అచ్చం మనింట్లో ఉన్నట్టే."

అంతే! పక్కన పడవలు చేసేవాళ్ళ దగ్గర బరువైన చెక్క దుంగ తెచ్చి, తండ్రీ కొడుకులు గుమ్మానికి అడ్డంగా మేకులు కొట్టారు. వరహాలు దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, దండం పెట్టుకుంది. గవర్రాజు గారు దూరంగా వెళ్ళి నిలబడి చూశారు. ఏదో వెలితిగా ఉంది.

"నాన్నా, మనింటికి మెట్లున్నాయి" అన్నాడు సూర్రావు.

"అదీ తెలివంటే!" అన్నారు గవర్రాజు గారు. ఇంకేముంది, పెరట్లో ప్రహరీ కోసం పేర్చిన ఇటుకలు మోసుకొచ్చారు. బురద కలిపారు. వాలు దారి నెత్తిన చక్కగా మూడు మెట్లు లేచాయి. మంగతాయారమ్మ లోపల కుర్చీలో కూర్చుని పని పురమాయించింది. "ఆ పై మెట్టు ఇంకాస్త ఎత్తు పెట్టండి. మనింట్లో నాకు మోకాలు కలుక్కుమనేది దాని దగ్గరే" అని గుర్తు చేసింది. వాళ్ళు ఎత్తు పెట్టారు. ఆ తర్వాత సూర్రావు ఇంటి మీదకెక్కి, తమ ఇంట్లో కప్పు ఎక్కడ కారుతుందో సరిగ్గా అక్కడ నాలుగు పెంకులు ఊడదీశాడు. ఇప్పుడు వెలితి లేదు. నలుగురూ చూసి "అచ్చం మనిల్లే" అని కళ్ళు తుడుచుకున్నారు. మంగతాయారమ్మకి కూడా అచ్చం ఇంట్లో ఉన్నట్టే ఉంది, ఎందుకంటే బయటికి రావడానికి లేదు.

ఇక సముద్రం రావడమే తరువాయి. హారతి పళ్ళెం, సున్నుండల గిన్నె, కొత్త తువ్వాలు గుమ్మంలో పెట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా ఇసుక, ఇసుక అవతల సముద్రం. కెరటం లేచి ఇటే వస్తోంది.

"వస్తోందే మంగా, వస్తోంది!" అని గవర్రాజు గారు లేచి పంచె సర్దుకున్నారు. కెరటం ఇసుక దాకా వచ్చి వెనక్కెళ్ళిపోయింది.

"మొహమాటపడుతోంది" అంది మంగతాయారమ్మ.

"రండి, రండి, మనిల్లే!" అని గవర్రాజు గారు రెండు చేతులా పిలిచారు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. అప్పుడు వరహాలుకి తట్టింది. ఆడమనిషిని పేరంటానికి పిలవాలంటే బొట్టు పెట్టి పిలవాలి గానీ, గుమ్మంలోంచి కేకేస్తే ఎవరొస్తారు? కుంకుమ భరిణె పట్టుకుని ఒడ్డుకెళ్ళింది. వంగి కెరటానికి బొట్టు పెట్టి, "మా అత్తయ్యగారు రమ్మన్నారండి, తప్పకుండా రావాలి" అంది. కెరటం ఆవిణ్ణి నడుందాకా తడిపి, చేతిలో భరిణె లాక్కుని పోయింది.

వరహాలు తడిబట్టలతో ఆనందంగా తిరిగొచ్చింది. "బొట్టు పెట్టించుకున్నారండి. భరిణె కూడా పట్టుకెళ్ళారు. ముస్తాబై వస్తారు కాబోలు."

ఎదురు చూశారు. ఎండ ముదిరింది. సూర్రావు ఊడదీసిన పెంకుల సందులోంచి ఎండ సరిగ్గా సున్నుండల మీద పడి నెయ్యి కారడం మొదలైంది. సముద్రం రాలేదు సరికదా, పోటు తగ్గి ఇంకా వెనక్కి జరిగింది. మంగతాయారమ్మ ముఖం చిన్నబోయింది. ఇంత దూరం వచ్చి, కళ్ళ ముందు పెట్టుకుని, పాదానికి చుక్క నీరు తగలకుండా ఇంటికెళ్ళాలి కాబోలు. నా రాత ఇంతే అనుకుంది. కన్నీళ్ళు జారి ఒళ్ళో పడ్డాయి. వాటి వంక చూస్తూ చూస్తూ ఆవిడ ఉన్నట్టుండి తలెత్తింది.

"ఏవండీ, సముద్రానికి కాళ్ళున్నాయా?"

గవర్రాజు గారు చాలాసేపు పరకాయించి చూశారు. "కనబడట్లేదే."

"లేవండి! అది నాలాంటిదే. ఇంత దూరం దొర్లుకుంటూ వస్తోంది, మెట్లు చూసి ఏం చేస్తుంది పాపం, వెనక్కెళ్ళిపోతోంది. మూడు మెట్లెలా ఎక్కుతుంది? ఆ గడపెలా దాటుతుంది? దాన్నెవరెత్తుతారండి?"

ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని ఉండిపోయారు. ఇంట్లో అందరికీ తెలివుందని తెలుసు గానీ, ఇంత ఉందని వాళ్ళకే తెలీదు. అంతే, గునపం తెచ్చారు. మెట్లు కూల్చారు. గడప పీకారు. కట్టడానికి పట్టినంత సేపు కూల్చడానికి పట్టలేదు గానీ, ఇటుకలు పెళ్ళలు పెళ్ళలుగా వాకిలంతా పడ్డాయి. సరిగ్గా అప్పుడే ఎస్తేరు టీచరు గేటు తీసుకుని లోపలికొచ్చింది.

ఆవిడ వాకిలి చూసింది. గుమ్మం చూసింది. ఇంటి కప్పు చూసింది. చేతిలో సంచీ కింద పెట్టి, దాని పక్కనే తనూ కూలబడింది.

"అంతా మీరు చెప్పినట్టే చేశామండి, ఆయ్" అన్నారు గవర్రాజు గారు గర్వంగా. జరిగిందంతా వరసగా చెప్పారు.

టీచరు ఎన్నో తరగతులకి పాఠాలు చెప్పిన మనిషి. అలాంటి పిల్లల్ని కూడా చూసింది. తిట్టబోయి మంగతాయారమ్మ ముఖం చూసింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు, ఒళ్ళో తువ్వాలు. తిట్టలేకపోయింది.

"అమ్మా, సముద్రం రాదు. మనమే వెళ్ళాలి" అంది మెల్లిగా.

"మరి ఇసుకలో ఈ కుర్చీ దిగబడిపోతుందిగా?"

టీచరు షెడ్డులోంచి ఇంకో కుర్చీ తోసుకొచ్చింది. దాని చక్రాలు గుమ్మడికాయల్లా లావుగా, మెత్తగా ఉన్నాయి. "ఇది మా నాన్నగారిది. ఇసుక మీద తేలిపోతుంది. ఇదంటే నాకు ప్రాణం. జాగ్రత్తగా వినండి" అని, ఇప్పటికి వాళ్ళ సంగతి తెలిసింది కనుక ఒక్కో మాటా తూచి తూచి చెప్పింది. "ఆవిణ్ణి ఇందులో కూర్చోబెట్టండి. ఇసుక మీద తోసుకెళ్ళండి. కెరటం తగిలే చోట దింపి నేల మీద కూర్చోబెట్టండి. కుర్చీకి ఉప్పునీళ్ళు తగిలితే తుప్పు పడుతుంది. నీళ్ళు దగ్గరికొస్తున్నాయనిపించగానే కుర్చీని భద్రంగా ఇంటికి తెచ్చెయ్యండి. తెలిసిందా?"

"తెలియకపోవడమేంటండి?" అన్నారు ముగ్గురూ. ఇంత విడమరిచి చెప్పాక ఇక ఏం తప్పు చేస్తారులే అని టీచరు నిచ్చెన వేసుకుని పెంకులు సర్దడానికెక్కింది.

వాళ్ళూ చెప్పింది చెప్పినట్టు చేశారు. కుర్చీ ఇసుక మీద సాఫీగా దొర్లింది. తడి ఇసుక దగ్గర మంగతాయారమ్మని దింపి, కాళ్ళు సముద్రం వైపు చాపి కూర్చోబెట్టారు. కెరటం వచ్చింది. ముందు మడమలు, తర్వాత పాదాలు, తర్వాత పట్టీల దాకా. చల్లగా ఉంది. వెనక్కెళ్ళేటప్పుడు మడమల కింద ఇసుక జలజలా జారిపోయింది. మంగతాయారమ్మ కెవ్వున నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. పెళ్ళయిన కొత్తలో కూడా భార్య ఇలా నవ్వడం గవర్రాజు గారు చూడలేదు. ఆయనా పక్కనే చతికిలబడి ముక్కు చీదుకున్నారు.

"చల్లగా ఉందా మంగా?"

"ఉందండి. నా పాదాలు నాకున్నట్టే ఉన్నాయండి."

అంతలో పెద్ద కెరటం వచ్చి వాళ్ళ వెనక దాకా పాకింది. "నాన్నా, కుర్చీ!" అని సూర్రావు అరిచాడు. అంతే, ముగ్గురూ ఒక్క ఉదుటున లేచారు. తోస్తే చక్రాలకి తడి తగులుతుందని కుర్చీని నెత్తిన పెట్టుకున్నారు. పైనుంచి తుంపర పడకుండా వరహాలు కొత్త తువ్వాలు కప్పింది. అలా ఊరేగింపుగా ఇంటి వైపు నడిచారు. మంగతాయారమ్మ మెడ తిప్పి చూసి, ఎంత జాగ్రత్తపరులో నా వాళ్ళు అని పొంగిపోయింది. మళ్ళీ సముద్రం వైపు తిరిగి కూర్చుంది.

నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. ఒళ్ళోకొచ్చాయి. ఆవిడ చేతుల్తో నీళ్ళు చరుస్తూ కూర్చుంది. కాసేపటికి ఎస్తేరు టీచరు చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో తల్లీ, మిమ్మల్నిక్కడ వదిలేసి వెళ్ళిపోయారా!"

"వదిలెయ్యడమేంటండి? భద్రంగా ఇంటికి తీసుకెళ్ళారుగా. నేల మీద కూడా పెట్టకుండా నెత్తిన మోసుకెళ్ళారు, నేను చూశాను."

"తీసుకెళ్ళింది కుర్చీనమ్మా!"

"కుర్చీ ఇంటికెళ్ళిందంటే నేనూ వెళ్ళినట్టేగా. నేను లేకుండా కుర్చీ ఎప్పుడు ఎక్కడికెళ్ళింది?"

టీచరు నెత్తి పట్టుకుంది. "మరి ఇక్కడ కూర్చున్నదెవరు?"

మంగతాయారమ్మ ఆలోచించింది. నీళ్ళలో కదులుతున్న పాదాల వంక చూసింది. "ఎవరో మరి, నాకూ తెలియట్లేదు. కానీ ఆవిడకి చాలా బాగుందండి. కాసేపు ఉండనివ్వండి" అంది.

టీచరుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నీళ్ళలోనే ఆవిడ పక్కన కూలబడి, పడిపోకుండా భుజం చుట్టూ చెయ్యి వేసింది. "సరే, ఉండండి. కానీ అక్కడ మీ ఆయన ఖాళీ కుర్చీ ముందు కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడ్డారమ్మా. అలిసిపోయావు, తాగు మంగా అని ఒకటే బతిమాలుతున్నారు" అంది.

మంగతాయారమ్మ ఉలిక్కిపడింది. మొదటిసారి ఆవిడ ముఖంలో నిజంగా భయం కనబడింది.

"అయ్యయ్యో! మీరు తొందరగా ఇంటికెళ్ళండి టీచరమ్మగారూ. అందులో పంచదార వేశారేమో చూడండి. నాకు షుగరండి, తాగేస్తానేమో!"